బోరు నీళ్లతో రీఫ్ ట్యాంక్ అయితదా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. ఇంట్ల 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (సముద్రపు చేపలు, పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంక్) పెడదామనుకుంటున్న. బోరు నీళ్లల్ల మెరైన్ సాల్ట్ కలిపితే సరిపోతదా, క్లౌన్ ఫిష్ ఎప్పుడు వెయ్యాలె?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బోరు నీళ్లు అసలే వద్దండి. మన దిక్కు బోర్లల్ల లవణాలు ఎక్కువ, నైట్రేట్ కూడా ఉండొచ్చు, అవి ఉంటే నాచు పట్టి కోరల్స్ (పగడాలు) ఆగమైతయి. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను తీసేసే డీఐ ఫిల్టర్ కూడా పెట్టి టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన లవణాల కొలత) సున్నా వచ్చిన నీళ్లే వాడాలె, వంటింటి ఆర్వో ఒక్కటే చాలదు. లీటరుకు 35 గ్రాములకు కొంచెం ఎక్కువ సాల్ట్ పడ్తది, కానీ కొలతను నమ్మకుండ ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ల సాపేక్ష సాంద్రత 1.025 వచ్చిందా చూడుండ్రి.

చేపల కోసం తొందరపడకుండ్రి. రాళ్లు, ఇసుక పెట్టినంక చేపలకు విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గ, దాన్ని నైట్రేట్‌గ మార్చే బ్యాక్టీరియా పెరగాలె, దానికి మామూలుగ 4 నుంచి 6 వారాలు పడ్తది, టెస్ట్ కిట్ల అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితేనే క్లౌన్ ఫిష్ వెయ్యాలె, కోరల్స్ ఇంకా తర్వాత.

ఇగ అసలు కష్టం మన ఎండాకాలం. ట్యాంక్‌ల 25, 26 డిగ్రీలు ఉండాలె, మే నెలల ఫ్యాన్‌తోని ఆగదు, నీళ్లను చల్లబరిచే చిల్లర్ మెషిన్‌కు పైసలు ముందే పక్కన పెట్టుండ్రి. కరెంటు పోతే ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తయి, అందుకే బ్యాటరీ ఎయిర్ పంప్ తప్పకుండ ఉండాలె.

ఇంకోటి, మన సముద్రంల తీసిన కోరల్స్ ఎవరన్నా అమ్మితే కొనకుండ్రి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.