పాత బ్లూస్‌లో ఎవరితో మొదలుపెట్టాలి? మిసిసిపీ జాన్ హర్ట్‌తో

పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతో గిటార్ నేర్చుకోవాలనుంది, పాత బ్లూస్‌లో (అమెరికా నల్లజాతివారి సంగీతం) ఎవరి పాటలు పట్టుకోమంటారు అని అడిగారు. మిసిసిపీ జాన్ హర్ట్ పాటలు పట్టుకోండి. నేను ఆయనతోనే మొదలుపెట్టాను. నాలుగేళ్లయినా రోజుకి ఆయన పాట ఒక్కటైనా వాయించందే గిటార్ కింద పెట్టను.

ముందు కుడిచేతి సంగతి. హర్ట్ ఉంగరపు వేలూ చిటికెన వేలూ గిటార్ మీద ఆనించి, మిగతా మూడు వేళ్లతోనే వాయించేవారు. బొటనవేలు లావు తీగల మీద అటూ ఇటూ నడుస్తూ తాళం వేస్తుంది. చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట పాడతాయి. మృదంగం, గాత్రం రెండూ ఒకే చేతిలో అన్నమాట. మొదట్లో నా వేళ్లు పాట అందుకోగానే బొటనవేలు ఆగిపోయేది, లేదంటే వాటి వెంట పరిగెత్తేది. ఇక లాభం లేదని మూడు వారాలు పాట జోలికే పోలేదు. సి కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి పలికించే పట్టు) పట్టుకుని అయిదో తీగ, నాలుగో తీగ, అయిదు, నాలుగు... తాళం టిక్కుటిక్కుమని లెక్కేసే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టుకుని అదే పని. మా అమ్మ ఏదో అడిగితే జవాబు చెబుతున్నా బొటనవేలు తడబడని రోజున చూపుడువేలు కలిపాను.

ఆయన కథ కూడా తెలుసుకుని వినండి. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో అవలాన్ అనే చిన్న ఊళ్లో పెరిగారు, గిటార్ సొంతంగా నేర్చుకున్నారు. 1928లో ఓకే (Okeh) అనే రికార్డుల కంపెనీ ఆయన చేత మెంఫిస్‌లో, తర్వాత న్యూయార్క్‌లో పాడించింది. రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. మళ్లీ పొలం పనికి వెళ్లిపోయారు. 35 ఏళ్లు! న్యూయార్క్‌లో ఊరి మీద బెంగతో కట్టిన ‘అవలాన్ బ్లూస్’లో తన ఊరి పేరు చెప్పుకున్నారు కదా, 1963లో టామ్ హాస్కిన్స్ అనే బ్లూస్ అభిమాని ఆ ఒక్క మాటనే ఆనవాలుగా పట్టుకుని వెళితే ఆయన అక్కడే ఉన్నారు. ఆ ఏడాదే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వాయించారు. 1966లో పోయారు. ఆ మూడేళ్లే దక్కాయని తలుచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నేర్చుకోవడానికి మాత్రం 1963 తర్వాతి రికార్డింగులు తీసుకోండి. 1928 నాటివాటిలో నడక జోరు ఎక్కువ, వెనకాల గరగర కూడా ఉంటుంది. తర్వాతివాటిలో బొటనవేలు ఎప్పుడు ఏ తీగ మీద పడుతోందో విడిగా వినిపిస్తుంది.