తెల్ల పావులతో ఏ ఓపెనింగ్ నేర్చుకోవాలి? ముందు ఆ బట్టీ మానండి

అడిగినవారి ప్రశ్న ఇది: "ఆఫీసు పనయ్యాక చెస్ నేర్చుకుంటున్నా. తెల్ల పావులతో ఒక ఓపెనింగ్‌ని ఎత్తు ఎత్తుగా బట్టీ పట్టాలనుకుంటున్నా. ఏది మంచిది, ఎన్ని ఎత్తులు చాలు?"

ఇటాలియన్ అనే ఓపెనింగ్ (ఓపెనింగ్ అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస). ఐదు ఎత్తులు. జవాబు ఇంతే. కానీ "బట్టీ" అన్న మాట చూశాక ఊరుకోలేకపోతున్నాను. ఆ పనే చేసి నేను హన్మకొండలో ఒక ఫంక్షన్ హాల్లో పదేళ్ల పిల్లాడి ముందు పరువు పోగొట్టుకున్నాను.

అప్పట్లో నాకు వచ్చిందల్లా ఫ్రైడ్ లివర్ ఒక్కటే. పేరు వినగానే మనకు సాయంత్రం బండి మీద వేయించే లివరే గుర్తొస్తుంది కానీ, ఇది 400 ఏళ్లుగా జనం పడుతున్న ఉచ్చు. గడి పేరులో అక్షరం నిలువు వరసకు, అంకె తెల్ల పావుల వైపు నుంచి లెక్కించే అడ్డ వరసకు గుర్తు. మనం బంటును ఈ4కి, అవతలివాడు ఈ5కి. మన గుర్రం ఎఫ్3కి, వాడి గుర్రం సీ6కి. మన బిషప్ సీ4కి, వాడి రెండో గుర్రం ఎఫ్6కి. ఇప్పుడు మన గుర్రం జీ5కి దూకుతుంది. ఎఫ్7 బంటు మీద గుర్రం, బిషప్ రెండూ గురిపెట్టి ఉంటాయి. వాడు డీ5 తోసి బిషప్‌కు అడ్డం వేస్తాడు, మనం బంటుతో కొడతాం. ఆ బంటును వాడు ఎఫ్6 గుర్రంతో తిరిగి కొట్టాడా, మన గుర్రం ఎఫ్7 మీద పడుతుంది, వాడి రాజు నడిబోర్డులోకి రాక తప్పదు. ఫోన్లో రాత్రి పదకొండు దాటాక దీంతో ఎంతమందిని ఓడించానో లెక్కలేదు.

టోర్నమెంట్ రోజు నా ఎదురుగా ఆ పిల్లాడు. ఒళ్లో స్టీలు డబ్బా, అందులో వాళ్లమ్మ కట్టిచ్చిన సర్వపిండి. మొదటి నాలుగు ఎత్తులు పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి. నాకు లోపల ఒకటే సంబరం. ఐదో ఎత్తుకు నేను బంటు కొట్టాను. వాడి గుర్రం కదిలింది. కదిలింది అన్నంతవరకే నా కంటికి తెలిసింది. ఏ గుర్రమో చూడలేదు. నా చెయ్యి అప్పటికే జీ5 గుర్రాన్ని ఎత్తి ఎఫ్7 బంటును తీసేసింది, గడియారం కూడా నొక్కేసింది.

అప్పుడు చూశాను. కదిలింది ఎఫ్6 గుర్రం కాదు, సీ6 గుర్రం. అది ఏ5లో కూర్చుని నా బిషప్ మీద గురిపెట్టి ఉంది.

వాడు ఒకసారి బోర్డు వైపు, ఒకసారి నా మొహం వైపు చూశాడు. తప్పు తనదేమో అని అనుమానం వచ్చినట్టుంది. తర్వాత రాజుతో నా గుర్రాన్ని తీసేసి స్కోర్‌షీట్‌లో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. నేను డీ5 బంటును డీ6కి తోశాను, వెనక నుంచి బిషప్ చెక్ తగులుతుంది కదా అని. వాడు ఏ5 గుర్రంతో ఆ బిషప్‌నే కొట్టేశాడు. గుర్రమూ పోయింది, బిషప్పూ పోయింది. ఇంకో పది ఎత్తులు సిగ్గు చంపుకుని ఆడి చేతులెత్తేశాను. లేస్తుంటే వాడు సర్వపిండి ముక్క ఒకటి చేతిలో పెట్టి, "అంకుల్, అక్కడ బిషప్‌తో బీ5లో చెక్ ఇస్తే సరిపోయేది" అన్నాడు. నిజమే. ఆరో ఎత్తుకు ఆడాల్సింది అదే.

మన హన్మకొండ అబ్బాయి ఇరిగేశి అర్జున్ 14 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబర్‌లో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) జాబితాలో అతని రేటింగ్ 2801కి చేరింది. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనొక్కడే అప్పటికి. సంతోషమే. కానీ ఇప్పుడు మా చుట్టుపక్కల ప్రతి తల్లీతండ్రీ "మా వాడికి ఎన్ని ఓపెనింగులు నేర్పుతారు?" అనే అడుగుతున్నారు. ఒక కోచింగ్ సార్ మా అన్న కొడుక్కి నలభై పేజీల ప్రింటవుట్ ఇచ్చాడు, అన్నీ ఎత్తులే. ఎందుకు ఆడాలో ఒక్క వాక్యం లేదు. రాజూ బంటూ మిగిలితే ఆట గెలవడం రాని పిల్లాడికి నలభై పేజీలు!

నాకు ఓపెనింగ్ నేర్పింది మా పెద్దబాపు. కాజీపేట లోకోషెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు ఇటాలియన్ అన్న మాటే తెలియదు. బిషప్‌ను ఒంటె అంటాడు. ఆడేది దేశీ ఆట, అందులో మొదటిసారి కూడా బంటు ఒక్క గడే నడవాలి. అంటే ఈ4 అన్న ఎత్తే లేదు. నేను బట్టీ పట్టిందంతా ఆయన ముందు మొదటి ఎత్తుకే చిత్తు కాగితం. ఓడిపోయి వచ్చిన వారం, నా ఇంగ్లిష్ రూల్స్‌తోనే ఆడదామని కూర్చోబెట్టాను. ప్రతి ఎత్తుకూ ఒకటే ప్రశ్న.

"ఇదెందుకు జరిపినవ్‌రా?"

"పుస్తకంల ఉన్నది పెద్దబాపూ."

"పుస్తకం ఆడుతలేదు గదా, నువ్వు ఆడుతున్నవ్."

ఆయనకు జవాబు చెప్పుకుంటూ నేర్చుకున్నవే ఇటాలియన్‌లోని ఈ ఐదు ఎత్తులు. ఈ4 ఎందుకు? మధ్య గడి పట్టుకోవడానికి, మంత్రికీ బిషప్‌కీ దారి ఇవ్వడానికి. గుర్రం ఎఫ్3కి ఎందుకు? వాడి ఈ5 బంటును కొడతానని బెదిరించడానికి. బిషప్ సీ4కి? ఎఫ్7ను కాసేది వాడి రాజు ఒక్కడే కాబట్టి. ఇక సీ3. ఈ చిన్న బంటు ఎత్తు నాకు చాలాకాలం తలకెక్కలేదు. తర్వాత డీ4 తొయ్యడానికి అది ఊతం, అందరూ చెప్పేదే. రెండో కారణం ఆ పిల్లాడి గుర్రం చెప్పింది. వాడు ఏ5కి వచ్చి బిషప్‌ను తరిమితే మన బిషప్ బీ5, ఏ4 మీదుగా వెనక్కి పోవడానికి సీ2 గడి ఖాళీ అవుతుంది. ఐదోది డీ3, ఎఫ్6 గుర్రం నోట్లో పడకుండా ఈ4ను కాయడానికి. మూడో ఎత్తుకే వాడి గుర్రం ఎఫ్6కి వచ్చిందనుకోండి, ముందు డీ3, తర్వాత సీ3. జీ5కి మాత్రం దూకకండి, కనీసం ఆరు నెలలు.

ఆ తర్వాత కాస్లింగ్ (ఒకే ఎత్తులో రాజును మూల వైపు, ఏనుగును అతని పక్కకు జరపడం), ఏనుగు ఈ1కి, మిగిలిన గుర్రం డీ2, ఎఫ్1 మీదుగా జీ3కి. తొందరేం లేదు. వాడు ఈ5 బదులు సీ5 ఆడితే అది సిసిలియన్ అనే వేరే ఓపెనింగ్, దాని సంగతి వేరే. లండన్ సిస్టమ్ అనే ఇంకో ఓపెనింగ్ నేర్చుకోమని ఇక్కడ కొందరు చెబుతారు. అవతలివాడు ఏం ఆడినా అవే ఎత్తులు పేర్చుకుంటూ పోవడం నాకు గోడకు సున్నం వేసినట్టు ఉంటుంది.

ఒక్క ఎత్తుకు మాత్రం పెద్దబాపు ఎందుకని అడగలేదు. ఆయన ఒంటె జీ4కి వచ్చి నా గుర్రాన్ని కట్టేసేలా ఉందని ఎచ్2 బంటు ఒక గడి జరిపాను. బోర్డు వైపు చూసి, "గొళ్లెం పెట్టినవ్" అని బీడీ కోసం జేబు తడుముకున్నాడు.