ప్రింటర్ కొనాలా, రీఫిల్‌తో నెట్టుకురావాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఇంట్లో పదిమందికి ట్యూషన్ చెబుతాను. వర్క్‌షీట్ల కోసం నెలకు 300 పేజీలు, అన్నీ బ్లాకే. 850 రూపాయల కార్ట్రిడ్జ్‌లు రెండు అయిపోతున్నాయి. వేసవిలో కడప వెళ్లొచ్చేసరికి ఉన్న ఒక్కటీ ఎండిపోయింది. 13 వేల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఈఎంఐలో తీసుకోనా? వచ్చే ఏడాది మావారికి ట్రాన్స్‌ఫర్ ఉండొచ్చు.

జవాబు: 1,700కి 300 పేజీలంటే పేజీకి 5 రూపాయల 67 పైసలు. జిరాక్స్ షాపువాడు కూడా అంత అడగడు! ఈ రకం ప్రింటర్లను చవగ్గా అమ్మి, ఇంకు దగ్గర రాబట్టుకుంటారు.

కంప్యూటర్ సామాన్ల షాపులుండే ఎస్పీ రోడ్డులో రీఫిల్‌కి 200 తీసుకుంటారనుకుందాం. కార్ట్రిడ్జ్‌లోనే ప్రింట్ హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) ఉండే రకమైతే నింపేకొద్దీ అది అరుగుతుంది, కాబట్టి మూడుసార్లు నింపి మార్చేస్తారనుకోండి. 850కి మూడు రీఫిళ్ల 600 కలిపితే 1,450, నాలుగు విడతలకు. నెలకు రెండు విడతలు కాబట్టి 725. ట్యాంక్ ప్రింటర్‌లో మీ వాడకానికి ఇంకు ఖర్చు 30, 40 రూపాయలు దాటదు. కానీ రీఫిల్‌తో పోలిస్తే నెలకు మిగిలేది 700లోపే, 13 వేలు రాబట్టడానికి 19 నెలలు. సెలవులు కలిస్తే ఇంకా ఎక్కువ. ట్రాన్స్‌ఫర్ మాట ఉన్నప్పుడు నేనైతే కొనను. నో-కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. రీఫిల్‌తో మిగిలే 975ని నెలనెలా ఆర్డీలో వేయండి.

ఎండిన కార్ట్రిడ్జ్‌ని పారేయకండి. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన టిష్యూ మీద నాజిల్ (ఇంకు బయటికొచ్చే రంధ్రాలు) వైపు ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. నల్లటి గీత అచ్చు పడిందంటే 850 దక్కినట్టే. రీఫిల్‌కి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకండి, ఇంకు లేకుండా ప్రింట్ కొడితే హెడ్ కాలిపోతుంది. నింపాక స్క్రీన్ మీద ‘ఖాళీ’ అనే చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. నింపి తెచ్చిన అదనపు కార్ట్రిడ్జ్‌ని గాలి చొరని డబ్బాలో, మూల తడి దూది పెట్టి, నాజిల్‌కి ఏదీ తగలకుండా ఉంచండి. ఫ్రిజ్‌లో వద్దు.

ఊరెళ్లేటప్పుడు ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆఫ్ చేసి, ఆ తర్వాతే గోడ స్విచ్ తీయండి. అప్పుడే హెడ్ వెళ్లి మూత మీద కూర్చుంటుంది, ఇంకు ఎండదు. కడప ప్రయాణం హడావిడిలో మీరు నేరుగా గోడ స్విచ్చే తీసేసి ఉంటారని నా అనుమానం.