సెల్ఫ్ టక్కుమని ఆగిపోవడం, అరగంటకి ఇంజన్ ఆగిపోవడం: పాత డీజిల్ ట్రాక్టర్‌లో ఎక్కడ వెతకాలి?

ఈ రెండిటినీ ఒకే జబ్బు అనుకోకండి. కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ టక్కుమని ఆగిపోతోందంటే అది కరెంటు సమస్య. స్టార్ట్ అయ్యాక అరగంటకి ఆగిపోతోందంటే చాలావరకు డీజిల్ అందకే. పాత ఇంజన్ ఒకసారి అందుకుందంటే ఇక బ్యాటరీతో పని లేదు, డీజిల్ పంపు మీద వైరుతో స్టాప్ సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేస్తూ డీజిల్‌ని ఆపేది) ఉంటే తప్ప. చేత్తో లాగి ఆపే బండి అయితే ఆ అనుమానం కూడా అక్కర్లేదు.

నేనూ రెండూ కలిపేసుకుని బ్యాటరీ మార్చాను, సెల్ఫ్ మోటారు విప్పించాను, చివరికి దొరికింది ఎర్త్ పట్టీ (బ్యాటరీ మైనస్‌ని బండి బాడీకి కలిపే పట్టీ). పైకి బాగానే ఉంది, బోల్టు తీస్తే కింద తుప్పు, దాని మీద ఎవరో పెయింట్ కూడా వేశారు! మల్టీమీటర్ ఉంటే ఒక వైరు బ్యాటరీ మైనస్ పోల్ మీదే (క్లాంపు మీద కాదు), రెండోది ఇంజన్ బ్లాక్ మీద గీకి శుభ్రం చేసిన చోట పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు దాటితే ఎర్త్ దారిలోనే లోపం, నాకు 3 పైన చూపించింది. ప్లస్ పోల్ నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా కూడా ఇలాగే చూడండి. రెండు దారులూ బాగుంటే అప్పుడు సెల్ఫ్ విప్పండి, ముందే కాదు.

ఇక రెండోది. ఆగిన వెంటనే డీజిల్ ట్యాంక్ మూత మెల్లగా తిప్పండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో పూడిపోయినట్టే, నాదీ అదే, పిన్నీసుతో పోయింది (నవ్వకండి, దానికోసం రెండు ఫిల్టర్లు మార్చాను). చప్పుడు లేకపోతే ఫిల్టర్ మీద ఎయిర్ స్క్రూ (గాలి బయటికి వదిలేది) వదులు చేసి ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) లివర్ కొట్టండి, బుడగలు ఆగకుండా వస్తుంటే ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఎక్కడో గాలి లాగుతోంది. ఆ భాగంలో ఇంజన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది, అందుకే కంటికి దొరకదు. పైపు చివర్లు, రాగి వాషర్లు మార్చి చూడండి. నాజిల్ పైపులు (డీజిల్ పంపు నుంచి సిలిండర్లకి వెళ్లేవి) వదులు చేసినప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

ఇంకా దొరక్కపోతే, ఆగాక సెల్ఫ్ కొట్టినప్పుడు తెల్ల పొగ వస్తోందా, అసలు పొగే లేదా, అది గమనించండి. పొగే లేదంటే సిలిండర్‌లోకి డీజిల్ వెళ్లడం లేదు. తెల్లగా వస్తోందంటే వెళ్తోంది కానీ మండడం లేదు, అప్పుడు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు), టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) వైపు చూడాలి.