మారిషస్ విందుకు వెళ్ళబోయే అమ్మాయికి

హైదరాబాద్,
మారేడ్‌పల్లి.

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

మీ మొదటి పెళ్ళిరోజుకు నువ్వూ అల్లుడుగారూ జులైలో మారిషస్ వెళ్తున్నారనీ, మీరు దిగే హోటల్లో, వేర్వేరు దేశాల వంటలను కలిపి వండే ఫ్యూజన్ రెస్టారెంటులో ఒక రాత్రి భోజనం చేయాలనుకుంటున్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. నేనూ మీ పెద్దమ్మా ఆ దీవికి రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి అలాంటి చోటే బోలెడు డబ్బు పోసి సగం ఆకలితో గదికి తిరిగివచ్చాం. రెండోసారి తృప్తిగా తిన్నాం. ఆ తేడా ఎక్కడ వచ్చిందో నీకు చెప్పాలని కూర్చున్నాను.

మొదటిసారి మెనూలో ‘బ్రియానీ’ అన్న మాట కనబడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. అక్కడ బిర్యానీని అలాగే అంటారు, అందులో బంగాళాదుంపలు కూడా వేస్తారు, పెళ్ళిళ్ళలో పెద్ద దేగిసాలలో వండే ఆ వంటకం నిజంగా బాగుంటుంది. నా ముందుకు వచ్చింది మాత్రం వేరు. పెద్ద తెల్లటి పళ్ళెం నడుమ గిన్నెతో బోర్లించినట్లు గుప్పెడు అన్నం, దాని మీద కుంకుమపువ్వు నురగ, పక్కన మూడు మాంసం ముక్కలు. ఆ నురగ నేను ఫోటో తీసేలోపే కరిగి, పళ్ళెంలో పచ్చటి తడిగా మిగిలింది. వండినవాడిని తప్పుపట్టను. పాతబస్తీ బిర్యానీ తిని పెరిగిన నాలుకతో వెళ్ళి అది అడగడం నాదే తెలివితక్కువ. కాబట్టి మన వంటల పేర్లు కనబడిన చోట ఆగకుండా, ఆ దీవి సొంత వంటలు ఎక్కడున్నాయో చూడు.

ఆ సొంత వంట ఎలాంటిదో కొంచెం తెలిసి వెళ్తే మంచిది. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఇంగ్లీషువారు ఆ దీవిని పట్టుకున్నారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారు, 1834 నుంచి చెరకు తోటల కోసం మన దేశం నుంచి ఒప్పందకూలీలుగా తీసుకుపోయినవారు, చైనా నుంచి వచ్చిన వర్తకులు అక్కడే స్థిరపడ్డారు. వాళ్ళ వంటలు ఇళ్ళలోనే కలిసిపోయి చాలా కాలమైంది గనుక, చెఫ్ చేయి ఆ వంటల మీద పడినప్పుడు రుచి నిలుస్తుంది.

రెండోసారి మాకు వడ్డించిన కుర్రవాడి పూర్వీకులు తెలుగువారేనట. తెలుగు రెండు మూడు మాటలకు మించి రాకపోయినా, ఉగాదికి తమ దేశంలో ప్రభుత్వ సెలవుంటుందని గర్వంగా చెప్పాడు. ఏం తినమంటావని అడిగితే చేప విందాయ్ చూపించాడు. ఆవాలు, పసుపు, వెనిగర్, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి చేసే వంటకం అది. వాళ్ళు ట్యూనా ముక్కను పైపైన కాల్చి, ఆ ముద్దను సన్నటి గీతలా పక్కన రాసి తెచ్చారు. ఆ ఘాటు నా పళ్ళెం దాటి బల్లకు అటువైపు చేరగానే, శాకాహారి అయిన మీ పెద్దమ్మ “పనసపొట్టు కూరలో ఆవ పెట్టినట్లుందే” అంది. ఆవిడ తిన్నది కొబ్బరి మొవ్వు లాంటి తాటిజాతి మొవ్వుతో చేసిన సలాడ్; ఒక్క మొవ్వు కోసం ఏళ్ళ తరబడి పెంచిన చెట్టును కొట్టేయాలి కనుక దానికి ‘మిలియనీర్ సలాడ్’ అని పేరు. పచ్చిగా, కరకరలాడుతూ, కొద్దిగా తియ్యగా ఉంటుంది. ధర ఎక్కువే, అయినా ఒకసారి తినదగినది.

అల్లుడుగారు శాకాహారి కనుక ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ‘వెజిటేరియన్’ అని ఊరుకోవద్దు. మొదటిసారి మీ పెద్దమ్మకు తెచ్చిన గుమ్మడికాయ సూపులో ముక్క అన్నది లేదు. సగం తాగాక అనుమానం వచ్చి అడిగితే, కోడి ఎముకలు మరిగించిన నీళ్ళతో చేశామన్నారు. ఆవిడ ఆ రాత్రి ఇంకేమీ ముట్టుకోలేదు. చేప, రొయ్య, కోడి, వాటి ఎముకల స్టాక్, పన్నాకోటా వంటి తీపిలో వేసే, జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్, ఇవేవీ కూడదని విడివిడిగా పేర్లు పెట్టి టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పండి, కూర్చున్నాక మళ్ళీ చెప్పండి. అందులో మొహమాటం అక్కరలేదు.

మెనూ ఫ్రెంచిలో ఉంటే ‘ఆంత్రే’ అంటే మొదట తినే చిన్న వంటకం, ‘ప్లా’ అంటే అసలు భోజనం. ‘సేర్’ అంటే జింక, ‘పోర్’ అంటే పంది, ‘తార్తార్’ అంటే పచ్చిది. మనం ఇక్కడ చేసినట్లు అన్నీ ఒకేసారి చెప్పి నడుమ పెట్టుకుని పంచుకుందామంటే కుదరదు. ఎవరి పళ్ళెం వారిదే, అదీ ఒకదాని తరువాత ఒకటిగా, తీరిగ్గా వస్తుంది. రెండు గంటలు పడుతుందనుకోండి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక, అంటే వాళ్ళ ఎనిమిదికి మన తొమ్మిదిన్నర. ఏడుంబావుకల్లా కూర్చుంటే ఆకలి నకనకలాడకుండా ఉంటుంది.

మీ గది అద్దెలో రాత్రి భోజనం కలిసి ఉన్నా, ఈ రెస్టారెంటుకు విడిగా అదనపు డబ్బు ఉండవచ్చు, ముందే అడగండి. ధరల్లో 15 శాతం వ్యాట్ కలిసి ఉందా లేదా అన్నదీ, ఎండ్రకాయను తూకం లెక్కన ఇస్తారా అన్నదీ అడిగి తెలుసుకోండి.

జులై అక్కడ చలికాలం, సముద్రం మీది నుంచి గాలి విసురుగా వస్తుంది. నీకొక శాలువా ఉండాలి. అల్లుడుగారిని పొడుగు ప్యాంటు, బూట్లు వేసుకోమను. మొదటిసారి నన్ను నిక్కరుతో చూసి గుమ్మం దగ్గరే మర్యాదగా ఆపారు; నేను గదికి వెళ్ళి మార్చుకుని వచ్చేసరికి సముద్రం వైపు టేబుల్ వేరేవాళ్ళకు ఇచ్చేశారు, మేము వంటింటి తలుపు పక్కన కూర్చుని తిన్నాం.

ఇట్లు,
మీ పెదనాన్న