భద్రత కోసం ఏమైనా కొనే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కార్యాలయంలోని కంప్యూటర్లు, నెట్‌వర్క్ భద్రత నీకు అప్పగించారని, ముందుగా ఏ రక్షణ సాఫ్ట్‌వేర్ కొనాలో చెప్పమని అడుగుతూ నీవు రాసిన ఉత్తరం అందింది. ఆ కొనుగోలు కొన్నాళ్లు ఆగినా నష్టం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉండి నేను చూసిన నష్టాలలో ఎక్కువ భాగం ఎవరికీ తెలియని కొత్త దారిలో వచ్చినవి కావు, అందరికీ తెలిసి ఉండీ రేపు చూద్దామని వదిలేసిన దారిలో వచ్చినవే.

మొదటి నెల లెక్క తేల్చడానికే కేటాయించు. ఎన్ని కంప్యూటర్లున్నాయి, ఏది ఎవరు వాడుతున్నారు, దేనిలో ఏ వెర్షన్ ఉంది, ఇంటర్నెట్ వైపు ఏ పోర్టులు (బయటివారు కంప్యూటర్‌తో సంబంధం కలుపుకునే ద్వారాలు) తెరిచి ఉన్నాయి అన్న పట్టిక నీ చేతిలో ఉండాలి. ప్రింటర్లు, కెమెరాలు, వై-ఫై పరికరాలు కూడా అందులో చేరాలి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రాం) లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకున్నది తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌లను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించి మాత్రమే. దాని జాబితాలో ఉన్నవి సుమారు 60 యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతలు. అటువంటి పరికరాలను నెట్‌వర్క్‌లో వేరే భాగంలో ఉంచు. కెమెరాకు లెక్కల సర్వర్‌తో మాట్లాడవలసిన అవసరం ఏదీ లేదు.

అప్‌డేట్‌ల విషయంలో నీకు అడ్డు చెప్పేవారు తప్పక ఉంటారు. వారి భయం అకారణం కాదు, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సందర్భాలు నాకూ ఎదురయ్యాయి. అయినా 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ విజృంభించి ఆసుపత్రులను సైతం స్తంభింపజేసినప్పుడు, అది వాడుకున్న విండోస్ లోపానికి, మద్దతు ఉన్న వెర్షన్ల కోసం మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే ప్యాచ్ (లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్) ఇచ్చి ఉందన్న సంగతి వారికి చెప్పు. ముందు నాలుగైదు యంత్రాలకు వేసి, రెండు రోజులు గమనించి, వారంలోపు మిగిలినవాటికి వేయి. ఫైర్‌వాల్ (బయటి రాకపోకలను వడపోసేది), వీపీఎన్ (బయటి నుంచి కార్యాలయ నెట్‌వర్క్‌లోకి వచ్చే రక్షిత దారి) వంటి ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉండే పరికరాలకు మాత్రం, ముఖ్యంగా దాడులు అప్పటికే మొదలయ్యాయని తయారీదారు ప్రకటించినప్పుడు, ఆ వారం గడువు కూడా ఇవ్వవద్దు.

పాస్‌వర్డ్‌లను ప్రతి నెలా మార్పించే పాత అలవాటు మానుకో. జనం చివరి అంకె ఒక్కటి మార్చి ఊరుకుంటారు. పొడవైన పాస్‌వర్డ్, దాన్ని భద్రపరచడానికి పాస్‌వర్డ్ మేనేజర్, దానికి తోడు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లోని కోడ్ వంటి రెండో పరీక్ష) చాలు. ఉద్యోగం వదిలిన వారి ఖాతాను ఆ రోజు సాయంత్రానికే మూసివేయి. 2021లో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ ఇంధన సరఫరాను ఆపుకోవలసి వచ్చిన దాడికి దారి ఇచ్చింది వాడుకలో ఉండకూడని ఒక పాత వీపీఎన్ ఖాతా; దానికి రెండో అంచె లేదు. నీవు కూడా రోజువారీ పనికి అడ్మిన్ ఖాతా (అన్ని మార్పులూ చేసే అధికారం ఉన్నది) వాడవద్దు.

ఇక బ్యాకప్. నేను చూసుకుంటున్న ఒక సంస్థలో ప్రతి రాత్రీ బ్యాకప్ నడిచేది, ఉదయం తెరపై ‘విజయవంతం’ అన్న మాట కనిపించేది, అది చూసి నేను రిజిస్టరులో సంతకం చేసేవాడిని. సర్వర్ డిస్కు పాడైన రోజున చూస్తే, లెక్కల డేటాబేసు రాత్రివేళ కూడా తెరిచే ఉండడం వల్ల ఆ ఒక్క ఫైలును సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ దాటవేసిందని, 11 నెలలుగా దాని నకలు ఒక్కటి కూడా మా దగ్గర లేదని తేలింది. సిబ్బంది కాగితపు బిల్లులు ముందేసుకుని 6 వారాలు కూర్చుని అంతా మళ్లీ ఎక్కించారు. తప్పు నాది, శ్రమ వారిది. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. అందుకని మూడు నెలలకొకసారి ఖాళీ యంత్రం ఒకటి తీసుకుని, బ్యాకప్ నుంచి పూర్తిగా రీస్టోర్ చేసి, నిన్నటి బిల్లు అందులో తెరుచుకుంటుందో లేదో ఆ విభాగం వారి చేతనే చూపించుకో. ఎంత సమయం పట్టిందో కూడా రాసిపెట్టు.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న నియమం నీకు తెలిసినదే. ఒక ప్రతి నెట్‌వర్క్‌తో ఏ సంబంధమూ లేకుండా ఉండాలని నేను దానికి కలుపుతాను, ఎందుకంటే ర్యాన్సమ్‌వేర్ ముఠాలు ముందుగా వెతికేది బ్యాకప్‌నే. రెండు సర్వర్లు ఒకదానికొకటి నకలుగా ఉండడాన్ని బ్యాకప్ అనుకోవద్దు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్వేర్ దాడిలో మేర్స్క్ నౌకారవాణా సంస్థ డొమైన్ కంట్రోలర్లు (ఎవరు లోపలికి రావచ్చో నిర్ణయించే సర్వర్లు) దాదాపు అన్నీ అలా పరస్పరం నకళ్లుగా ఉండి కలిసే తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలో విద్యుత్ పోయి ఆ సమయానికి నెట్‌వర్క్‌కు దూరమైన ఒక్కటి మాత్రం మిగిలి, దాని సాయంతోనే వారు కోలుకున్నారు.

అనుమానాస్పదమైన లంకెను నొక్కిన వారిని ఎప్పుడూ అందరి ముందు మందలించవద్దు. ఒక్కసారి మందలిస్తే మరుసటి సారి దాచిపెడతారు, నీకు దక్కవలసిన మొదటి గంట పోతుంది. బ్యాంకు ఖాతా మారిందని ఈమెయిల్ వస్తే అందులోని నంబరుకు కాక, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలని లెక్కల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వు.

దాడి జరిగిందని తెలిసిన క్షణాన ఆ యంత్రాన్ని ఆపివేయవద్దు; నెట్‌వర్క్ కేబుల్ తీసి, వై-ఫై ఆపి, అలాగే ఉంచు. మెమరీలో ఉన్న ఆధారాలు విద్యుత్ తీయగానే పోతాయి. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ సర్వర్‌ను ముందు విడదీయాలి, ఆపే అధికారం ఎవరిది అన్నవి కాగితం మీద రాసి ఒక ప్రతి ఇంట్లో పెట్టుకో, ఎందుకంటే ఆ రోజున కంప్యూటర్‌లోని పత్రం తెరుచుకోదు.

నీవు అడిగిన సాఫ్ట్‌వేర్ సంగతి, మొదటి నెల తయారుచేసిన పట్టిక నాకు పంపితే, అది చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న