ముందు నువ్వు సవర నేర్చుకో

అమ్మడూ,

నీ పోస్టింగ్ ఆర్డర్ ఫొటో మీ అమ్మ నాకు పంపింది. సీతంపేట ఏజెన్సీ అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుందట. దారి గురించీ సెల్ సిగ్నల్ గురించీ వాళ్లు చెప్తారులే. ఆ కొండల్లో ఒకే టీచరున్న బడిలో పదకొండేళ్లు చేసినవాణ్ణి కాబట్టి, నువ్వు ఫోన్లో అడిగిన ముక్కకి మాత్రం జవాబు రాస్తాను. "మావయ్యా, వాళ్లకి తెలుగే సరిగ్గా రాదట కదా, ఇంగ్లీషు ఎలా చెప్పను?" అన్నావు.

"తెలుగే రాదు" అనే మాట మీటింగుల్లో చాలాసార్లు వింటావు. నువ్వు మాత్రం అనకు. ఆ కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల భాష సవర బ్రహ్మాండంగా వచ్చు. ఆ భాష మన తెలుగుకి చుట్టం కూడా కాదు, జార్ఖండ్ వైపు మాట్లాడే సంతాలీ, ముండారీల కుటుంబం. ఒకటో తరగతిలో చేరిన పిల్లకి తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. రెండూ ఒకేసారి నెత్తిన పడతాయి. చేతికిచ్చే పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పాలకొండ టౌనులో చదివే తెలుగు పిల్లాడు ఇంగ్లీషు అర్థం కాకపోతే ఎదురు పేజీ చూసుకుంటాడు. ఈ పిల్ల ఏ పేజీ చూసుకోవాలి?

అందుకే ముందు నువ్వు సవర నేర్చుకో. ఇది నా సొంత తెలివేం కాదు. ఏటా ఆగస్టు 29న మనం దండ వేసే గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. వాడుక భాష ఉద్యమం గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు ఈ సంగతి ఒక్క లైనులో దాటేస్తారు. నాకు అదే ఆయన అసలు పని అనిపిస్తుంది.

నువ్వు వ్యాకరణం రాయక్కర్లేదు. రోజుకి ఐదు మాటలు చాలు. వంట చేసే ఆవిణ్ణి అడుగు, రాసుకో, మర్నాడు పిల్లల ముందు అను. తప్పుగానే పలుకుతావు, వాళ్లు పగలబడి నవ్వుతారు. నవ్వనీ. టీచరమ్మకే నోరు తిరగడం లేదని చూసిన పిల్ల, తను ఇంగ్లీషు మాట తప్పు పలకడానికి భయపడదు.

నేను మొదటి ఏడాది ఈ పని చెయ్యలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వల్లె వేయించాను. ఓ రోజు పై అధికారి ఒకాయన వచ్చి "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడిగాడు. మొదటి పిల్ల లేచి "మై నేమ్ ఈజ్ రవి" అంది. రెండోవాడూ రవే. పద్నాలుగు మందీ రవిలే! పాఠంలో కుర్రాడి పేరు రవి మరి. ఆయన నవ్వుతూ వెళ్లిపోయాడు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ల తప్పేం లేదు, నేను చెప్పిందే వాళ్లు చెప్పారు.

ఆ తర్వాత పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టాను. మొదటి రెండు మూడు నెలలు వాళ్లు వింటే చాలు, తిరిగి అనకపోయినా పర్వాలేదు. "కమ్", "సిట్", "ఓపెన్ ద డోర్", "బ్రింగ్ వాటర్" అంటూ నువ్వే చేసి చూపించు, వాళ్ల చేత చేయించు. మధ్యాహ్నం భోజనం వేళ చాలా మంచిది. "రైస్", "ఎగ్", "మోర్" అనే మాటలు అక్కడ ఇట్టే వస్తాయి, ఎందుకంటే అక్కడ వాటితో పనుంది. కానీ ఇంగ్లీషులో అడిగితేనే వడ్డిస్తాననే బేరం ఎప్పుడూ పెట్టకు. అన్నం దగ్గర పరీక్షలేంటి?

ఇంకో సంగతి. పిల్లల నోట్లో ఇప్పటికే ఇంగ్లీషు బోలెడుంది. బస్సు, లైటు, పెన్ను, ప్లేటు, బెల్లు, సైకిలు, సెల్లు. చివరన ఆ "ఉ" తీసేస్తే ఇంగ్లీషే. ఒక రోజంతా అదే ఆట ఆడించు. విచిత్రం ఏంటంటే, ఈ ఉకారం రోగం మనది, వాళ్లది కాదు. సవరలో హల్లుతో ఠక్కున ఆగిపోయే మాటలు ఎన్నో. మనం నేర్పకపోతే వాళ్లు "బస్" అని శుభ్రంగా ఆపుతారు. "బుక్కు" అని వాళ్ల చేత అనిపించేది మనమే. కాబట్టి ముందు నీ నోరు సరిచేసుకో.

చదవడం దగ్గర ఓపిక పట్టు. "సీ, ఏ, టీ కలిస్తే సీయేటీ అవ్వాలి గదా, క్యాట్ ఎందుకైంది టీచర్?" అని ఓ పిల్లాడు నన్ను అడిగాడు. నిజమే కదా. మన లిపిలో అక్షరం పేరే దాదాపు దాని ధ్వని. ఇంగ్లీషులో పేరొకటి, ధ్వని ఒకటి. ముందు ధ్వనులు చెప్పు, పేర్లు తర్వాత. చిన్న బడి అక్షరాలతో (a, b, c లతో) మొదలుపెట్టు, పుస్తకం నిండా ఉండేవి అవే. "క్యాట్"లో అచ్చు నీకే తేడాగా అనిపిస్తే, గబగబా మాట్లాడేటప్పుడు "వచ్చాడు"లో "చా" ఎలా పలుకుతావో విను. ఆ ధ్వనికి తెలుగులో అక్షరం లేదు గానీ మన నోటికి అలవాటే. ఇంగ్లీషు మాట కింద తెలుగులో రాసి మాత్రం ఇవ్వకు. ఇస్తే వాళ్ల కళ్లు ఇంగ్లీషు లైను మీద నిలవవు.

"ఏ ఫర్ యాపిల్" అంటే, అది అక్కడ మామూలుగా పండే పండు కాదు. పైనాపిల్ మాత్రం వాళ్ల కొండ మీదే పండుతుంది, అందులోనే యాపిల్ దాక్కుని ఉందని బోర్డు మీద రాసి చూపించు. "ఈ ఫర్ ఎలిఫెంట్" దగ్గర జాగ్రత్త. పట్నం పిల్లలకి అది బొమ్మ. ఆ మన్యంలో పంట తొక్కేసిపోయే నిజం ఏనుగు. ఆ కబుర్లు మొదలైతే పీరియడ్ అయిపోతుంది. అవనీ, సవరలోనే చెప్పనీ, నువ్వు వాటిలోంచి మూడు ఇంగ్లీషు మాటలు ఏరుకుని బోర్డు మీద రాయి.

జీడిపిక్కలు ఏరే రోజుల్లో, కొత్త కందులొచ్చినప్పుడు చేసుకునే కందికొత్తల పండగకీ సగం మంది రారు. అప్పుడు కొత్త పాఠం మొదలుపెట్టకు, తిట్టకు. ఐదు తరగతులు ఒకే గదిలో ఎలా అంటావా, నాలుగో తరగతి పిల్లలకి బొమ్మల కార్డులిచ్చి చిన్నవాళ్ల దగ్గర కూర్చోబెట్టు. నీకన్నా బాగా చెప్తారు.

కార్డులంటే గుర్తొచ్చింది. నావి అటక మీద రేకుపెట్టెలో ఉన్నాయి. వచ్చే ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. కొన్ని ఎలుకలు కొట్టేశాయి, పైనాపిల్ కార్డు అస్సలు లేదు. అది నీ పిల్లల చేతే గీయించుకో.

నీ మావయ్య